తాత తప్ప అంతా పడిన వీడియో

మా తాత మగ్గం నేసేది వీడియో తీస్తాండానని ఊరంతా చెప్పుకొని తిరిగినాను కదా, అది ఏమైందని మాత్రం అడక్కండి. సరే, మీరు అడగకపోయినా నేనే చెప్తాను. మా వీధిలోవాళ్ళు చెప్తే ఇంకా ఘోరంగా చెప్తారు.

వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. గోడ కనపడింది. గోడ మీద బల్లి కనపడింది. సున్నం పెచ్చులూడిన చోటు కూడా కనపడింది. తాత ఒక్కడే కనపడలేదు.

ఎమ్మిగనూరులో మాది నేతగాళ్ళ వీధి. అంటే ఒకప్పుడు. నా చిన్నప్పుడు పొద్దున్నే వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పడుగు నూలు సాగదీసి గంజి పట్టించేవాళ్ళు. ఆ నూలు పోగుల కింద వంగి వంగి బడికి పోయేవాళ్ళము. తల తగిలిందా, వీధిలో ప్రతి అవ్వా తిట్టేది. గంజి వాసన, తడి నూలు వాసన, ఎండ ఎక్కేకొద్దీ ఇంటింటి నుంచీ మగ్గాల చప్పుడు. పరీక్షలకు ఆ చప్పుడులోనే చదువుకున్నాను. ఎప్పుడన్నా చప్పుడు ఆగితే చదువు ఎక్కేది కాదు. మా అవ్వ రాట్నం దగ్గర కండెలు చుడతా, మిగిలిన రంగుదారాలు నా చేతికి కట్టేది. బడికి నేనెప్పుడూ పెండ్లికూతురు మాదిరే పోయేదాన్ని.

ఇప్పుడు వీధి మొత్తానికి మిగిలింది మా తాత గుంట మగ్గం ఒక్కటే. నేలలో గుంట, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకొని తాత. మొన్న నాన్న ఆ గుంట పూడ్చేసి, టైల్స్ వేసి, ముందర షట్టర్ పెట్టి గదిని బాడుగకు ఇద్దామన్నాడు. తాత గొడవ పెట్టుకుంటాడని ఇంట్లో అందరం ఒళ్ళు దగ్గర పెట్టుకొని కూర్చున్నాము. పెట్టుకోలేదు. మోకాళ్ళు పట్టేస్తాండాయని ఆయనకూ తెలుసు. ఒక్కటే అడిగినాడు.

"నేను నేసేది బాగా వీడియో తీసి పెట్టండప్పా. అది తీసినంక పూడ్చుకోండి."

మగ్గం మీద ఉన్న పడుగులో ఇంక ఒక్క చీరే మిగిలి ఉంది. నాన్న ఫోన్లో తీసేయమన్నాడు. అక్కడే నాకు పౌరుషం వచ్చింది. ఫోన్లో తీయడానికి నేనెందుకు?

నా గురించి మీకు తెలుసు కదా. నేను కెమెరా కొనలేదు గానీ, కొనడానికి కావాల్సిన జ్ఞానమంతా ఎప్పుడో సంపాదించుకున్నాను. ఏ మిర్రర్‌లెస్ బాడీ వీడియోకి మంచిది, ఏది తొందరగా వేడెక్కి ఆగిపోతుంది, చేతులు వణికినా ఏది బొమ్మను నిలబెడుతుంది, అన్నీ రివ్యూలు చూసి చూసి నోటికొచ్చేసినాయి. హోటల్లో ఉగ్గాని బజ్జీ తినడానికి పోయినా పక్కనోళ్ళకు ఫుల్ ఫ్రేమ్ గురించి చెప్తాను. వాళ్ళు బజ్జీ కొరుకుతా వింటారు. పాపం, నోట్లో మిరపకాయ పెట్టుకొని ఎవరు మాత్రం ఎదురు చెప్పగలరు?

కెమెరా కోసం ఆదోని పోయినాను. నా స్నేహితురాలు షబానా వాళ్ళ అన్న రఫీ అక్కడ పెండ్లి వీడియోలు తీస్తాడు, కెమెరాలు బాడుగకూ ఇస్తాడు. పత్తి మిల్లుల పక్కన బస్సు దిగి స్టూడియోకి పోయేలోపల తలలో దూది చేరి నాకు ముసలితనం వచ్చేసింది. రఫీ అన్న నన్ను చూసి, ఎవరో అవ్వ వచ్చిందని లోపలికి కేకేసినాడు. ఆయన వెక్కిరింపుకు బదులు నేను ఆయన పాత కెమెరాను పట్టుకొని, దీంతో తీసిన పెండ్లిళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయా అన్నా అని అడిగినాను. చెల్లుకు చెల్లు.

తర్వాత ఇద్దరం సీరియస్ అయినాము. బాడీ ఎంచుకోవడం తొందరగానే అయిపోయింది. లెన్స్ దగ్గరే చర్చ. రఫీ అన్న బల్ల మీద రెండు పెట్టినాడు. ఒకటి చిన్న జూమ్, కెమెరా డబ్బాలోనే వచ్చేది, దగ్గర నుంచే గదంతా పట్టేది. దాన్ని చూస్తే నాకు నవ్వొచ్చింది. ఇంత జ్ఞానం పెట్టుకొని ఆ గుండీ బిళ్ళ అంత దాన్ని తగిలించుకొని తిరగాలా? రెండోది ఎనభై ఐదు ఎంఎం. చెంబు అంత ఉంది. ముందర అద్దం బాయి మాదిరి లోతుగా మెరుస్తాంది. దాంట్లో ఎవరి మీద ఫోకస్ పెడితే వాళ్ళే స్పష్టంగా పడతారు, ముందరా వెనకా ఉండేవన్నీ మంచులో కలిసిపోతాయి.

"దీంతో పెండ్లికూతురిని తీస్తే పక్కన పెండ్లికొడుకు కూడా మాయమైపోతాడు చెల్లీ" అన్నాడు రఫీ అన్న గర్వంగా. "జబర్దస్త్ లెన్స్."

ఇదే కావాలన్నాను. ఎందుకన్నా మంచిది, చిన్నది కూడా సంచిలో వేసుకోమన్నాడు. బరువన్నా అన్నాను. దాని బరువు నిమ్మకాయంత.

మరుసటి రోజు తాత గడ్డం గీయించుకొని, తెల్ల బనీను వేసుకొని, తలకు ఉతికిన తువ్వాలు చుట్టుకొని గుంటలో కూర్చున్నాడు. చొక్కా వేసుకోమంటే, చొక్కా వేసుకొని నేసినోడు యాడన్నా ఉండాడా అని కసిరినాడు. నేను మగ్గం గదిలో నిలబడి కెమెరా ఎత్తినాను. తాత చెవి కనపడింది. చెవి మాత్రమే. వెనక్కి జరిగినాను. చెవీ, బుగ్గా. గోడకు ఆనుకున్నాను. ఆ లెన్స్‌కు మా గది చాలదు. వసారాలోకి వచ్చినాను, చాలలేదు. మెట్లు దిగినాను, చాలలేదు. చివరికి వీధి దాటి, ఎదురింటి అరుగెక్కి, ఆ ఇంటి రాములమ్మత్త ఆరబెట్టిన వడియాల పక్కన చతికిలబడితే గానీ తాతా మగ్గమూ ఒక చట్రంలో పట్టలేదు. వాకిలిలోంచి లోపల తాత, తాత వెనక గోడ. అబ్బ, ఏం ఫ్రేమో. నాకు నేనే భుజం తట్టుకున్నాను. కాకపోతే నాకూ తాతకూ మధ్య ఎమ్మిగనూరు ట్రాఫిక్ అంతా పోతాంది. ఎవరన్నా బండి మీద అడ్డమొస్తే నేను చెయ్యి ఊపాలి, వాళ్ళేమో నేను టాటా చెప్తాండానని తిరిగి ఊపాలి.

మిట్ట ఎండ. కెమెరా వెనక స్క్రీన్‌లో నా మొహమే కనపడతాంది గానీ ఇంకేమీ కనపడదు. అయినా నాకేం భయం? కొత్త కెమెరాలు మనిషి మొహాన్ని వాటంతట అవే పట్టుకుంటాయి. పట్టుకున్నాయనడానికి గుర్తుగా మొహం మీద చిన్న తెల్ల పెట్టె నిలబడుతుంది. చెయ్యి అడ్డం పెట్టుకొని చూసినాను. పెట్టె నిలబడి ఉంది. బంక వేసి అతికించినట్టు నిలబడి ఉంది. మొహం దొరికిందని ధైర్యంగా రికార్డు నొక్కినాను.

ఎవరి మొహమో చూసుకోలేదు.

తాత చీర ముగించి, కోసి, మడిచి నాన్న చేతిలో పెట్టినాడు. గుంట పూడ్చే మేస్త్రీకి నాన్న ఫోన్ చేసినాడు. ఆ సాయంత్రం కెమెరాను టీవీకి తగిలించినాము. వీధిలోవాళ్ళు చాపలు తెచ్చుకొని మరీ వచ్చినారు. తాత ఈసారి చొక్కా వేసుకొని అందరికంటే ముందర కూర్చున్నాడు.

ముందు చప్పుడొచ్చింది. తాత బనీనుకు వైరు లేని చిన్న మైకు తగిలించి ఉంటిని, అది మాత్రం నిజంగా పనిచేసింది. పోగు మోసుకొని నాడె అటు పోయి ఇటు వచ్చే చప్పుడు, ఆ పోగును బిగిస్తా పలక కొట్టే చప్పుడు. మా వీధి మొత్తం ఒకప్పుడు చేసిన చప్పుడది. రాములమ్మత్త చెయ్యి తెలియకుండానే గాల్లో రాట్నం తిప్పుతాంది.

తర్వాత బొమ్మ వచ్చింది.

గోడ. గోడ మీద దండ వేసిన మా అవ్వ ఫొటో. దండలో ప్రతి పూవూ లెక్కపెట్టుకోవచ్చు. అవ్వ ముక్కుపుడకలో రాయి మెరుస్తాంది. కింద ఏదో తెల్లటి పొగ ముందుకూ వెనక్కూ ఊగుతాంది.

"ఆ పొగేంది మే?" అని అడిగింది రాములమ్మత్త.

"తాత" అన్నాను.

మగ్గం మీద కూర్చున్న మనిషి తల ఎత్తడు. కళ్ళు అంచు మీదే ఉండాలి, లేకపోతే పోగు తెగుతుంది. ఒక్కసారి నా వంక చూడు తాతా అని నేను వీధిలోంచి అరిచినా ఆయన చూడలేదు. వంచిన తల, తలకు తువ్వాలు. దాంట్లో మొహం ఎక్కడుందో పాపం కెమెరాకేం తెలుసు? అది గదంతా వెతికింది. నిటారుగా కూర్చొని, కెమెరా వంకే కన్నార్పకుండా చూస్తాండేది మా అవ్వ ఒక్కతే. పట్టేసుకుంది. రఫీ అన్న లెన్స్ చెప్పినట్టే పనిచేసింది, పక్కన పెండ్లికొడుకును మాయం చేసింది.

పైగా మైకులో తాత గొణుగుడు. నా వీడియో తీస్తానని చెప్పి ఈ పిల్ల ఎదురింట్లో వడియాలకు కాపలా కూచుందేంది అని. గదంతా గొల్లుమనింది. నాన్న నవ్వలేదు. చీర కోసేసినారు, పడుగు అయిపోయింది, మళ్ళీ తీద్దామంటే ఏం తీయాలి? ఆయనకు నా మీద కోపం, తాత వంక చూడాలంటే మొహమాటం. నాకైతే ఆ గుంటలోనే నన్ను పెట్టి పూడ్చేస్తే బాగుండు అనిపించింది. ముసలాయన అడిగిందే ఒక్కటి.

తాత టీవీ దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"మీ అవ్వ బాగా పడిందే" అన్నాడు. "ఇంకోసారి పెట్టు."

పెట్టినాను. ఆ ఫొటో ఎవరిదో పెండ్లి గుంపు ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేయించింది. అవ్వ భుజం మీద ఎవరిదో చెయ్యి కూడా కత్తిరింపులో వచ్చేసింది. ఆ చెయ్యి చిన్నత్తదని అమ్మ, కాదు పెద్దమ్మదని నాన్న, ఎన్నేండ్లుగానో వాదించుకుంటారు. టీవీలో ఆ చెయ్యి అరచేయంత కనపడతాంది. వేలికి రాగి ఉంగరం.

"నాదే" అన్నాడు తాత మెల్లగా. "అంతమందిలో చెయ్యేసినానని మీ అవ్వ ఇంటికొచ్చినంక ఒకటే తిట్లు. అందుకే నేనెప్పుడూ సెప్పలే."

రాములమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను సందు దొరికింది కదా అని, చూసినారా, నా వీడియోలో తాత కూడా ఫోకస్‌లోనే ఉన్నాడు, కాకపోతే మణికట్టు దాకానే అన్నాను. నాన్న నా వంక చూసిన చూపుకు రాములమ్మత్త వెనక్కి జరిగి కూర్చున్నాను.

రేపు మేస్త్రీ వస్తాడని నాన్న గుర్తుచేసినాడు. తాత లేచి మగ్గం గదిలోకి పోయి లైటేసినాడు. మేమందరమూ వెనకాలే పోయినాము. చీర కోసినాడు గానీ, ఎప్పటి మాదిరే, పోగులు దూర్చే దువ్వెన లాంటి అచ్చులో మూరెడు పాత పోగులు వదిలిపెట్టినాడు. కొత్త పడుగు తెచ్చినప్పుడు ఒక్కో పోగునూ ఆ పాత పోగులకే అతుకుతారు. అట్లా ఈ మగ్గం మీద ప్రతి చీరా అంతకుముందు చీరకు అతికిందే, నేను పుట్టకముందు నుంచీ. మగ్గం తీసేసేవాడు వాటిని కూడా కోసేయాలి. తాత కోయలేదు. అలవాటంటాడు. నేను నమ్మను.

"ఇంగో పడుగు అతకొచ్చు" అన్నాడు.

నాన్న ఇంకేదో చెప్పబోయినాడు.

"వీడియో తీసినంక పూడ్చుకోమంటి కదప్పా" అన్నాడు తాత. "వీడియో యాడ?"

నాన్న మేస్త్రీకి మళ్ళీ ఫోన్ చేసినాడు.

శిక్షగా కండెలు చుట్టే పని నాకు పడింది. రివ్యూలు చూడాల్సిన చేతులతో రాట్నం తిప్పుతాండాను. సంగతి విని రఫీ అన్న ఆ చిన్న జూమ్ లెన్స్ బాడుగ లేకుండానే పంపించినాడు, నవ్వు ఆపుకోలేక. దాంతో గది మధ్యలో నిలబడి తీస్తే తాత నిలువునా పడతాడు, ఫోకస్ పెట్టె కూడా వేలితో నేనే ఆయన మీద పెట్టొచ్చు. అంతా సిద్ధంగా ఉంది. తీద్దామా తాతా అంటే, ఈ చీర వద్దులేమే, అంచు సక్కగా రాలే, వచ్చే చీర తీద్దువు అంటాడు. వచ్చే చీరకు కొంగు నచ్చదు. మధ్యాహ్నాలు మా వీధిలో మళ్ళీ ఆ చప్పుడు వినపడతాంది. రాములమ్మత్త పని లేకపోయినా వచ్చి వాకిట్లో కూర్చుంటాంది.

నాకిప్పుడు ఒక్కటే దిగులు. ఏదో ఒక రోజు తాత సరే అంటాడు. అప్పుడు నేను వీడియో బాగా తీసేస్తానేమో.

ఆ మాటే నిన్న నాన్నతో అన్నాను. ఆయన పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు.

"నీ పనితనం మీద నాకు నమ్మకముందిలేమ్మా" అన్నాడు.