చిల్లు పెట్టిన గవ్వలు

గవ్వలతో నగలు చేస్తానని నలుగురికీ చెప్పుకున్నాను గానీ, గవ్వలో ప్రాణి ఉంటుందన్న సంగతి నాకు ముప్పై ఏళ్ళు దాటాక తెలిసింది. మాది కరీంనగర్ వైపు. సముద్రాన్ని మొదటిసారి చూసింది పెళ్ళయి సూరత్ వచ్చాకే. నవాగామ్‌లో ఒంటిగది ఇంట్లో కూర్చుని ఏళ్ళ తరబడి చీరలకు రాళ్ళు అతికించాను. విసుగు పుట్టి, ఫోన్‌లో చూసి నగలు చేయడం నేర్చుకున్నాను.

డిండోలీలో ఒక రైల్వే ఉద్యోగి కూతురికి పెళ్ళి కుదిరింది. హల్దీకి, అంటే పసుపు వేడుకకి, పూల నగలు అందరూ పెట్టుకుంటారట, ఆ అమ్మాయికి సముద్రం గవ్వల నగలు కావాలట, నన్ను చేసిమ్మంది. బజారులో దొరికే పాలిష్ గవ్వలు వద్దంది. ఆదివారం మా ఆయన బైకు మీద సువాలీ తీరానికి తీసుకెళ్ళాడు. నీళ్ళు ఎక్కడో దూరంగా వెనక్కి వెళ్ళి ఉన్నాయి. ఆ బురదలో అరిగిపోయినవీ విరిగినవీ వదిలేసి, చిన్న శంఖాల్లా నిగనిగలాడుతున్నవి ఏరుకున్నాను. అవెందుకు నిగనిగలాడుతున్నాయో ఆలోచించే బుద్ధి ఉంటేగా!

మర్నాడు పొద్దున మా అత్తమ్మ కేక పెట్టింది.

"ఓ పిల్లా! ఏందే గిది, నీ సొమ్ములు నడుస్తున్నయ్!"

స్టీలు పళ్ళెంలో ఆరబెట్టిన గవ్వల్లో ఏడింటికి కాళ్ళు వచ్చాయి. వేలి గోరంత పీతలు, దొరికిన ఖాళీ గవ్వలో దూరి కాపురముండేవి. గవ్వల్ని వీపున మోసుకుంటూ పళ్ళెం అంచు దాకా పోవడం, జారి వెనక్కి రావడం, మళ్ళీ పోవడం.

"ఎండ్రికాయలే బిడ్డా గివి. పాపం తగుల్తది, తీస్కపోయి ఇడిసిపెట్టు" అంది అత్తమ్మ.

ఎలా తీసుకుపోను? మా ఆయనది పాండేసరలో బట్టల రంగుల మిల్లులో పని. బైకూ ఆయనతోనే పోతుంది. ఆటో అతన్ని అడిగితే సంగతి విని పడీ పడీ నవ్వాడు. మా ఆయన నవ్వలేదు, విసుక్కున్నాడు.

"గవ్వలల్ల పురుగుల కోసం పనికి చుట్టీ పెట్టాల్నా? ఆదివారం దాకా ఆగు, పోదం."

నేను ఆగగలను. అవి ఆగాలిగా.

సముద్రమంటే ఉప్పునీళ్ళే కదా అని కుళాయి నీళ్ళలో వంటుప్పు కలిపి ఆ గిన్నెలో వాటిని వేశాను. సాయంత్రానికి రెండు పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మిగిలినవాటిని తడిబట్టలోకి మార్చాను. అత్తమ్మ అన్నం మెతుకులు వేసింది. ముట్టలేదు. ఇంచుమించు రోజుకొకటి పోతూ వచ్చింది. పోయే ముందు ప్రతిదీ గవ్వలోంచి బయటికి వచ్చేసేది. వెనక భాగం పొట్టు తీసిన చిక్కుడు గింజలా మెత్తగా, చూడలేనట్టుగా ఉండేది. పక్కన గవ్వ శుభ్రంగా, ఖాళీగా మిగిలేది.

నాకు కావలసింది ఆ గవ్వే. హారానికి అవే తక్కువ పడ్డాయి. ఒక్కొక్కదానికీ చిల్లు పెట్టి గుచ్చాను. ఏడుస్తూనే గుచ్చాను. ఏడ్చాను కదా అని నన్ను మంచిదాన్ని అనుకోకండి.

ఆదివారం పొద్దుటికి ఒక్కటి మిగిలింది. లేచి చూస్తే అదీ బయటికి వచ్చి బట్టలో కదలకుండా పడి ఉంది. పోయిందనుకున్నాను. సాయంత్రం నగలు ఇచ్చేయాలి, ఒక చెవి జూకాకి గవ్వ కావాలి. దాని గవ్వ తీసి చిల్లు పెట్టేశాను. మసి గుడ్డతో పొడి తుడుస్తుంటే తడిబట్టలో దాని కాలు కదిలింది.

గబగబా గవ్వ తెచ్చి దాని ముందు పెట్టాను. అది దగ్గరికి వచ్చింది. గవ్వను అటూ ఇటూ దొర్లించి చూసింది, కాలు లోపలికి పెట్టి తడిమింది, చిల్లు దగ్గర ఆగింది. వెనక్కి తగ్గింది. చిల్లును రాళ్ళు అతికించే గమ్‌తో మూసి మళ్ళీ పెట్టాను. ఈసారి దగ్గరికి కూడా రాలేదు.

"దాని ఇంటికే బొక్క కొట్టి ఇస్తివి, ఎట్ల ఉంటదే?" అంది అత్తమ్మ. తిట్టినట్టు కూడా అనలేదు. అదే తట్టుకోలేకపోయాను.

దాన్ని తడిబట్టతో సహా ఒళ్ళో పెట్టుకుని మా ఆయన బైకు మీద సువాలీ వెళ్ళాను. దాన్ని ఇసుక మీద వదిలి, చుట్టూ గవ్వల కోసం వెతికాను. ఎత్తిన ప్రతి మంచి గవ్వలోనూ ఎవరో ఒకరు ఉన్నారు. ఖాళీవన్నీ విరిగినవే. వాటినే తెచ్చి ముందు పెట్టాను, ఒక్కదాన్నీ అది ఒప్పుకోలేదు. నీళ్ళు చూస్తే దూరంగా ఉన్నాయి. మధ్యలో దిగబడే బురద. కొంచెం దూరం పోయి మోకాలి దాకా కూరుకుపోయి, దాన్ని పట్టుకుని వెనక్కి వచ్చి, మళ్ళీ ఇసుక మీద పెట్టి పక్కనే కూర్చున్నాను.

ఒక కాకి వచ్చి రెండడుగుల అవతల వాలింది. తోలాను. మళ్ళీ వచ్చింది. అరచెయ్యి పీత మీద కప్పాను. లోపల అది నా చేతిని గీకుతోంది.

మా ఆయన బైకు స్టార్ట్ చేశాడు. "ఎంతసేపు గట్ల కూసుంటవ్? జల్దీ రా, ఆ పిల్లకు సొమ్ములియ్యాలె గద!"

నిజమే, ఎంతసేపు కూర్చోగలను?

కాకి కదల్లేదు. చెయ్యి తీసి నేనే లేచాను.