కాలివేళ్లకు బూడిద

మా చిన్నప్పుడు... ఎండాకాలం మధ్యాహ్నాలు మా వసారాలో ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని జీడిపిక్కలు కొట్టేవారు. పెరట్లో కాల్చిన పిక్కలు మధ్యలో నల్లగా కుప్పపోసి ఉండేవి. ముందు వేళ్లకు బూడిద రాసుకోవాలి... లేదంటే పెంకులోని జీడిరసం అంటుకుని తోలు ఊడిపోతుంది. ఎడమచేత్తో పిక్కను పట్టుకుని, కుడిచేత్తో కర్ర తీసుకుని ఒక్కటివ్వాలి.

నాకు ఆ ఎడమచేయే లేదు. అంటే ఉంది... పుట్టుకతోనే ముడుచుకుపోయి, ఏ పనికీ రాకుండా ఉంది.

"నువ్వు సూత్తూ కూకో తల్లీ" అనేది మా పిన్ని. ప్రేమగానే అనేది. కానీ కబుర్లూ, నవ్వులూ అన్నీ ఆ గుండ్రంలోనే... నేను మాత్రం గుమ్మం మీద. ఇంటినిండా మనుషులున్నా నాకు ఎవరూ లేరనిపించేది.

పైగా ఇంట్లో నేను ఒలకబోయని వస్తువు లేదు. గంజి, పాలు, ఓసారి కుండెడు చింతపండు పులుసు... చప్పుడు వినగానే అందరూ "అయ్యో" అని పరిగెత్తుకొచ్చేవారు. మా నాన్నకు అమ్మ, మా మామ్మ మాత్రం నింపాదిగా వచ్చి, "ఏటి మిగిలిందే?" అని అడిగేది. ఎంత పోయిందని ఒక్కసారీ అడగలేదు. కుండ అడుగున గరిటెడు పులుసు కనిపిస్తే, "సాల్లే, నీకూ నాకూ సరిపోద్ది" అని నవ్వేది.

ఒకరోజు అందరూ పెళ్లికి పోయారు. ఇంట్లో మామ్మ నిద్రపోతోంది. ఇదే అదను అనుకుని పిక్కల దగ్గర కూర్చున్నాను. పిక్కను కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య బిగించి, కర్రతో కొట్టాను. సగం దెబ్బలు వేలికే తగిలాయి. అయినా వదల్లేదు... నాది మొండిఘటం.

చేతికి మాత్రం శుభ్రంగా బూడిద రాసుకున్నాను. కాలికి రాసుకోవాలని తోచలేదు. బూడిద చేతులకే అనుకున్నాను మరి!

రెండు రోజులకు కాలివేళ్లు నల్లబడి తోలు లేచిపోయింది. మంట. ఎవరికీ చెప్పలేదు... తెలిస్తే ఇక జన్మలో పిక్కల దగ్గరకు రానివ్వరని భయం. మడమ మీద నడుస్తుంటే మామ్మ పట్టేసింది. కొబ్బరినూనె రాస్తూ అంతా విన్నది.

"ఎన్ని గుండ్లొచ్చినాయే?"

గుండు అంటే విరగకుండా వచ్చిన పప్పు. "ఒకటే" అన్నాను ఏడుస్తూ. "మిగతావన్నీ ముక్కలే..."

"ఒకటొచ్చిందంటే రెండోదీ వత్తాది. ఏడుపెందుకే, కాలికి బూడిద రాసుకోనేదు, అంతే గదా!"

మర్నాడు పడిపోయిన కొబ్బరిచెట్టు మొద్దులోంచి ఒక ముక్క కోయించి, మధ్యలో పిక్క పట్టేంత గుంట తవ్వించింది. దాన్ని గుండ్రంలో తన పక్కన పెట్టి, "జరగండే, ఇది మా పిల్ల సోటు" అంది. పిన్ని జరిగింది. ఆరోజు నేను కొట్టినవాటిలో సగానికి పైగా ముక్కలే అయ్యాయి. మొదటిసారి కబుర్లు నాకు దగ్గర్నుంచి వినపడ్డాయి... అంత సంతోషం మళ్లీ ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

ఇప్పుడు పిక్కలు మిషన్లే కొడుతున్నాయి. వసారాలో ఎవరూ కూర్చోరు. మామ్మా లేదు. నేను కాశీబుగ్గలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. ఆ కొబ్బరిమొద్దు ముక్క నాతోనే ఉంది. నిమ్మకాయ కోయాలంటే ఆ గుంటలో పెట్టే కోస్తాను... కదలదు.

ఇవాళ పొద్దున్న కందిపప్పు ప్యాకెట్ పళ్లతో చింపబోతే ఫట్టున చిరిగి గదంతా పప్పే. నవ్వొచ్చింది. "ఏటి మిగిలిందే?" అని పైకే అడిగాను, మామ్మలాగే. ప్యాకెట్‌లో గుప్పెడు పప్పుంది. ఒక మనిషికి సరిపోతుంది... వండుకోవాల్సింది ఒక మనిషికే కదా.

మీ ఇంట్లో ఏదైనా ఒలికినప్పుడు మీవాళ్లు ముందు ఏమనేవారో రాయండి... తిట్లయినా సరే. కింద కూర్చుని పప్పు ఏరుకుంటూ చదువుతాను. పక్కన ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.