తాళం తీసింది నేను

అన్నం డబ్బా మూత తీశానో లేదో, కంప్యూటరు టుక్కుమంది. చింతగింజ బల్ల మీద పడ్డట్టుంటుంది ఆ చప్పుడు. మూడో వరుసలో చెకింగ్ చేసే లూర్దుమేరి మెసేజి: ‘అక్కా, ఫ్యాను ఆగిపోయింది.’ మనిషిని పంపించి మళ్ళీ కూర్చున్నాను. ఈ చప్పుడును మా రెడ్డియార్‌పాళయం సంచుల ఫ్యాక్టరీకి తెచ్చింది కె. సరోజ, మా సరోజక్క. పోయినేడు చనిపోయింది. ఈ మెసేజీల ప్రోగ్రామును తీసేయాలని రేపు మీటింగులో తీర్మానం చేయబోతున్నారు.

అక్కది అరియాంకుప్పం. తాతముత్తాతల నాడే ఈ తమిళ ప్రాంతానికొచ్చిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది తమిళం కాబట్టి తెలుగు చదవడం మాత్రం రాదు. కంప్యూటర్ల గదికి ఆవిడే పెద్ద. నేను యానాం నుంచి వచ్చి ఆవిడ కింద చేరాను. చదువుకున్నానన్న పొగరు నాకు కాస్త ఎక్కువే ఉండేది. మొదటిరోజు తెలుగు లిపిలో నమస్కారమని మెసేజి పెడితే, పక్క బల్ల దగ్గర్నుంచే నవ్వింది. “బాగుండాది పాపా. నాకు అచ్చరాలు రావు. పెట్టినదానివి నువ్వే, లేచొచ్చి చదివిపెట్టు.” ఆ మెసేజీల ప్రోగ్రాము ఎక్కడిదని అడిగాను. “ముక్కూ మొగం తెలీనోళ్ళు రాసి ఊరికే ఇచ్చినారు. లోపలేముందో తెరిచి చూసుకోమన్నారు. చూసినా. మన మాటలు బయటికి మోసేది ఏందీ లేదు. సరి, పెట్టేసినా.” మూలనున్న పాత కంప్యూటరే దానికి సర్వరు. ఫోను నంబరు అక్కర్లేదు, ఇంటర్నెట్టు అక్కర్లేదు. కుట్టుపని వరుసల నుంచి సూది విరిగినా, దారం అయిపోయినా మాకు టుక్కుమని తెలిసేది.

తప్పు చేసింది నేను. సర్వరు సెట్టింగులలో ‘మాటలు దాచు’ అనే గడి ఒకటి ఖాళీగా కనిపించింది, టిక్కు పెడితే అందరి మెసేజీలూ అందులో జమ అవుతాయి. అక్క మరిచిపోయిందేమో అనుకున్నాను. ఆవిడనొక మాట అడగాలని కూడా తోచలేదు. టిక్కు పెట్టేశాను. అంతటితో ఊరుకున్నానా? ఇకపై ఏ మాటా పోదు సార్, అన్నీ జమ అవుతున్నాయని వారం మీటింగులో మేనేజరు ముందు గొప్పలు పోయాను. ఆయన తలూపాడు. ఆ రోజు అక్క సెలవులో ఉంది.

నెల తిరగకుండానే ఒక మధ్యాహ్నం లూర్దుమేరి నుంచి అక్కకు మెసేజి వచ్చింది. టార్గెటు పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదని సూపర్‌వైజరు ఆడవాళ్ళ బాత్రూముకు తాళం వేశాడు, కడుపుతో ఉన్న పిల్ల ఒకతి ఏడుస్తోంది. అక్క చదివి, చెప్పులు వేసుకుంది. స్టోరుకెళ్ళి రంపపు బ్లేడు తీసుకుంది. తాళం కోసి, రెండు ముక్కలూ తెచ్చి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టింది.

సాయంత్రం మేనేజరు మా గదిలోకొచ్చాడు. తాళం సంగతి ఆయనకు పట్టలేదు. లోపలి కబురు అక్కకు మోసిందెవరో కావాలి. వైతికుప్పంలో ఇంటి దగ్గర లూర్దుమేరి జీతం మీద నలుగురు బతుకుతున్నారు. ఆయన నా వైపు తిరిగి, “అన్నీ జమ అవుతున్నాయన్నావు కదమ్మా, తెరువు,” అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటిదాకా ఆవిడకు ఆ టిక్కు సంగతే తెలియదు. కుర్చీ లాక్కుని నాకూ ఆయనకూ మధ్యలో కూర్చుంది.

“ఆ పాపను అడగొద్దండి సార్. ఈ గదికి పెద్ద నేను. ఇయ్యను.”

“కంప్యూటరు కంపెనీది సరోజా.”

“తీసకపోండి. మాట మాత్రం చెప్పినోళ్ళది. తాళం తీసింది నేను. పేరు కావాల్నంటే నా పేరు రాసుకోండి.” ఆయన రాయకపోతే తనే తెల్లకాగితం తీసి తమిళంలో రాసింది: తాళం తీసింది నేను. మళ్ళీ వేస్తే మళ్ళీ తీస్తాను. కె. సరోజ. కింద సంతకం చేసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఆ కాగితం పట్టుకుని వెళ్ళాక అక్క నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. “నువ్వు పెట్టినావు, నువ్వే తియ్యి,” అని పక్కన నిలబడింది. జమ అయినవన్నీ చెరిపేశాను, టిక్కు తీశాను. ఏడుపొచ్చింది. “ఏడవొద్దు పాపా. ఆ గడి మరిచిపోయి వదల్లేదు. ఇంటికాడ అత్తకు చెప్పలేనిది, ఈడ సారుకు చెప్పలేనిది ఒకతి మనకు చెప్తుంది. దాన్ని మూట గట్టి పెడితే ఎవుడో ఒకడు వచ్చి విప్పుతాడు.” ఆ నెలాఖరుకు ఆవిడను పనిలోంచి తీసేశారు. తర్వాత అరియాంకుప్పంలో రిపేరు కొట్టు పెట్టుకుని దర్జాగా బతికింది. ఆ బాత్రూముకు మళ్ళీ తాళం పడలేదు. కబురు పంపిందెవరో పైవాళ్ళకెవరికీ తెలియలేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. కొత్త మేనేజరుకు ఈ పాత ప్రోగ్రాము నచ్చదు. అందరూ ఫోనులో కంపెనీ యాప్ వేసుకోవాలట, ఎవరేమన్నారో ఆయన గదిలోంచే చూసుకోవచ్చట. ఏర్పాటంతా నా చేతుల మీదుగానే జరగాలన్నాడు. నాకు భయం లేదని చెప్పను, ఇంటి అద్దె నేనే కట్టాలి. కానీ ఆ రోజు మూగదాన్నై నిలబడ్డ సిగ్గు ఈ భయం కంటే పెద్దది.

అన్నం డబ్బా మూసేసి తెల్లకాగితం తీశాను. తెలుగులోనే రాశాను, మేనేజరుకు చదవడం రాకపోతే రేపు మీటింగులో లేచెళ్ళి నేనే చదివి పెడతాను. ‘ఇక్కడ ఎవరి మాటలూ దాచము. దాచమన్నా నేను దాచను. వై. పద్మ.’ సంతకం చేస్తుంటే కంప్యూటరు మళ్ళీ టుక్కుమంది. ఫ్యాను తిరుగుతోందట.