అరవై నాలుగు చింతలు

ఆఫీసులో ఆమెకు తప్పులక్క అని పేరు పెట్టారు. ఎగతాళికి పెట్టిందే అయినా ఆమె పట్టించుకోలేదు. వరద ఎంతొస్తుందో లెక్కకట్టడానికి నదిని అరవై నాలుగు ముక్కలు చేసి, ఒక్కో కంప్యూటరుకు ఒక్కో ముక్క పంచారు. పక్కపక్కనున్నవి నీటిమట్టం అంకెలు ఒకదానికొకటి పంపుకుంటాయి. ఒకటి తడబడితే అన్నీ ఆగుతాయి. ఆగేటప్పుడు ఏం చెప్పి ఆగాలో రాయడం ఆమె పని.

"ఊరికే ఏడిస్తే నాకేం తెలుస్తుందే? కడుపునొప్పో చెవిపోటో చెప్పి ఏడువు" అని చిన్నప్పుడు వాళ్లమ్మ వీపు మీద ఒకటిచ్చి మరీ నేర్పింది. ఆరేళ్లు కూర్చుని ఆ విద్యే కంప్యూటర్లకు నేర్పిందామె. ఎవరు పంపారు, ఎవరికి అందలేదు, ఎన్ని రావాలి, ఎన్ని వచ్చాయి, అన్నీ చెప్పాకే పడిపోవాలి.

పైనుంచి చూడ్డానికి వస్తున్నారనగానే పెద్దసారుకు ఆ మాటలు నామోషీ అయ్యాయి. "కుళాయి దగ్గర కొట్లాటలా ఏంటమ్మా ఇది? వచ్చినవాళ్లు నవ్వరూ!" అంటూ అన్ని తప్పులకూ కలిపి తనే ఒక ముక్క రాశాడు: 'అసౌకర్యానికి చింతిస్తున్నాం.' దానికి రంగులు కూడా వేయించాడు, శవానికి పౌడరు పూసినట్టు. ఆమె తన మాటల్ని చెరపలేదు. ఆపి పక్కన పెట్టింది.

వచ్చినవాళ్ల ముందు లెక్క పది నిమిషాలు నడిచి కూలింది. తెర నిండా అరవై నాలుగు చింతలు. దేనికి చింతో ఒక్కదానికీ తెలీదు.

"అంతా ఈవిడ చెయ్యిపెట్టిన చోటేనండీ. రేపట్నుంచి రావద్దంటాను" అన్నాడు పెద్దసారు, మెడ చెమట తుడిచిన రుమాలుతోనే మూతి అద్దుకుంటూ.

తప్పులక్క ఆ రుమాలు మీంచి చూపు తిప్పుకుని వచ్చినవాళ్ల వైపు తిరిగింది. భయం కాదు, రోత.

"రావద్దంటే మానేస్తాను. పోయేముందు నా మాటలతో ఒక్కసారి నడపనివ్వండి."

వచ్చినవాళ్లలో పెద్దావిడ తలూపింది. మళ్లీ పది నిమిషాలు. ఈసారి తెరమీద ఒకటే వరస: 'నేను పదిహేడో కంప్యూటరును. వంద అంకెలకు చోటు ఉంచాను. పద్దెనిమిదో కంప్యూటరు నూట ఇరవై పంపింది. ఆ పంపే భాగం నిన్న సాయంత్రం మారింది.'

"ఎవరు మార్చారు?" అంది పెద్దావిడ.

"అదీ... నేనే మార్పించానండీ. ఇంకో ఇరవై చోట్ల నీటిమట్టం కూడా చూపిస్తే తెర నిండుగా ఉంటుందని..." అన్నాడు పెద్దసారు.

"సరిపోయింది. ఈవిడ రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది."

వాళ్లటు వెళ్లారో లేదో పెద్దసారు బెల్లం పూసిన గొంతుతో దిగబడ్డాడు. "అక్కా, ఆ 'నిన్న మారింది' అన్న ఒక్క ముక్కా తీసెయ్యమ్మా. బావుండదు."

"మీరు చేసిందే కదా, మీరే తీసుకోండి. నా చేతులు మురికి చేసుకోను" అని ఆమె గ్లాసు కడుక్కోవడానికి లేచింది.

ఆ ముక్క ఏ ఫైల్లో ఉందో ఆయనకు తెలిస్తే కదా! ఇప్పటికీ అక్కడే ఉంది.