నేల మీద పెట్టకూడని రైలు

మా మనవరాలి రైలును కొన్నది నేనే. ఇంట్లో ఎవరు ఈ సంగతి చెప్పినా అక్కడినుంచే మొదలుపెడతారు కాబట్టి నేనూ అక్కడినుంచే చెబుతాను.

పటాన్‌చెరులో హైవే పక్కన ఒకతను దుప్పటి పరిచి బొమ్మలు అమ్ముతున్నాడు. చుట్టూ నిలబడి చూస్తున్నవాళ్లలో పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ. ఎర్ర ఇంజను, దానికి రెండు పెద్ద కళ్లు. పరుగెత్తి ఒక అట్టపెట్టెకు గుద్దుకుంటుంది, కూత పెడుతుంది, తిరిగి ఇంకో అట్టపెట్టెను వెతుక్కుంటుంది. పత్రికలో పనిచేసిన ఇన్నేళ్లూ ఇలా రోడ్డు పక్కన అమ్ముకునే మనుషుల కథల వెంటే తిరిగాను. ముచ్చటేసి కొన్నాను.

ఆ వారమే మా అమ్మాయికి రాత్రి డ్యూటీ పడింది. జిన్నారం వైపు మందుల కంపెనీలో, ల్యాబులో పని. పొద్దున కంపెనీ బస్సు దిగి, స్నానం చేసి, ముందు గదిలో పడుకుంటుంది. అప్పటికి అల్లుడు తన డ్యూటీకి వెళ్లిపోయి ఉంటాడు. ఇంట్లో నాలుగేళ్ల పిల్ల, నేను, మా ఆవిడ, ఆ రైలు మిగులుతాం.

రెండో రోజు మధ్యాహ్నం అమ్మాయి ఎర్రబడ్డ కళ్లతో బయటికి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"నాయినా, రాత్రి డ్యూటీల బల్ల మీద తల పెట్టి పండుకున్న. సూపర్‌వైజర్ సూసిండు. ఇంకోసారి గిట్లయితే పర్మనెంట్ సంగతి మర్చిపొమ్మన్నడు."

కోపంగా చెప్పలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి. పర్మనెంట్ అవుతుందని రెండేళ్లుగా ఎదురుచూస్తోంది. ఆమె మళ్లీ లోపలికి వెళ్లింది. రైలు వెళ్లి ఆమె తలుపుకే గుద్దుకుని కూత పెట్టింది.

ఇక నాకు కూర్చోబుద్ధి కాలేదు. పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు బ్యాటరీలు తీసేశాను. వచ్చి రైలును ఊపి చూసి, "తాతా, సచ్చిపోయింది" అని అది ఏడ్చిన ఏడుపు ముందు కూతే నయం. బ్యాటరీలు వేసి, చప్పుడు వచ్చే చిల్లుల మీద టేపు అంటించాను. గోటితో గీకి పారేసింది. దాచిపెడితే వీధి చివరిదాకా వినపడేలా వెతికింది. స్విచ్ ఆపుదామంటే, ఆపేటప్పుడు కూడా బై బై అంటూ ఒక పాట పాడుతుంది. తయారుచేసినవాడికి మా మీద ఏదో పగ ఉన్నట్టుంది.

మళ్లీ హైవే పక్కకు వెళ్లాను. "చప్పుడు లేనిది ఉందా?" అని అడిగాను.

"బినా సౌండ్ కా కౌన్ లేగా, అంకుల్?" అని నవ్వాడతను. నేను ఎటూ కదలకపోయేసరికి, "సౌండే చూసి కొంటరు. మీరు గూడా గంతే కదా" అన్నాడు.

నిజమే. తిరిగి వస్తుంటే పాత ఇనుప సామాన్ల దుకాణం ముందు బేరింగుల కుప్ప కనపడింది. చిన్నప్పుడు మేం ఆడిన బండికి చక్రాలు అవే. చెక్క మీద కూర్చుంటే వెనకాల ఇంకొకడు తోసేవాడు. దానికి బ్యాటరీ లేదు, పాట లేదు. పిల్లకు ఇదొకటి చేసిపెడితే వీధిలో ఆడుకుంటుంది, తల్లి నిద్రపోతుంది. ఆలోచన బాగానే ఉందనిపించింది. మూడు బేరింగులు, ఒక చెక్క సంపాదించి, సాయంత్రమంతా కూర్చుని బిగించాను.

మర్నాడు అమ్మాయి పడుకున్నాక పిల్లను దాని మీద కూర్చోబెట్టి సిమెంటు రోడ్డు మీద ఒక్క తోపు తోశాను. బేరింగులు సిమెంటు మీద ఎలా అరుస్తాయో పూర్తిగా మరిచిపోయాను. గోడ నీడన పడుకున్న కుక్క లేచి పారిపోయింది. పిల్ల మాత్రం "ఇంకోసారి తాతా" అంది.

మా ఆవిడ గేటు దగ్గరికి వచ్చింది. "ఒక్క లొల్లి సాలలేదా, ఇంకోటి తయారుజేసినవ్? పిల్ల కోసమా, నీ కోసమా గది?"

"ఇద్దరికీ."

"మంచిగుంది. పండుకున్నదాన్ని లేపి కూసోబెట్టిన్రు తాతా మనవరాలు."

బండిని లోపలికి తెచ్చేద్దామని ఎత్తాను. ఎత్తి భుజాన వేసుకున్నాక గానీ తెలియలేదు, అలా ఎందుకు వేసుకున్నానో.

మా నాయిన లక్డారం నుంచి వచ్చి ఇక్కడి ఇనుప మిల్లులో చేరినప్పుడు మేం కిరాయి గదుల వీధిలో ఉండేవాళ్లం. వీధిలో సగం మంది మగవాళ్లది షిఫ్టు పని. రాత్రి డ్యూటీ చేసి వచ్చినాయన పడుకుంటే వాళ్లింటి గేటుకు తువ్వాలు వేలాడేది. తువ్వాలు ఉన్న ఇల్లు వచ్చిందంటే పిల్లలం బండి దిగి, దాన్ని భుజానికెత్తుకుని, ఆ ఇల్లు దాటాక మళ్లీ దించేవాళ్లం. మరిచిపోతే కోస్తా నుంచి వచ్చిన పక్కింటామె, "ఒరేయ్ నాయనా, మా ఆయనకి ఇప్పుడే కునుకు పట్టిందిరా" అని బతిమాలేది. మావాళ్లైతే బతిమాలేవాళ్లు కాదు. "ఏందిరా గీ లొల్లి" అంటూ చెప్పు చేతికి తీసుకునేవాళ్లు. కొన్ని వారాల్లో వీధంతా తువ్వాళ్లే. ఆ వారాల్లో మేం బండెక్కింది తక్కువ, బండి మా మీద ఎక్కింది ఎక్కువ.

అమ్మాయి చున్నీ ఒకటి తెచ్చి గేటుకు కట్టాను. పిల్లను పిలిచి చెప్పాను. "ఇది ఇక్కడ వేలాడితే అమ్మ పండుకున్నట్టు. అప్పుడు బండి నేల మీద నడవొద్దు. చేతుల్లో పోవాలె."

"రైలు గూడానా?"

"రైలు గూడా."

అది ఇంట్లోకి పరుగెత్తి, రైలును ఒడిసిపట్టి ఎత్తింది. రైలు గొంతు టక్కున ఆగిపోయింది. కళ్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. దాని కడుపు కింద చిన్న మీట ఉంది. నేలకు ఆనితేనే కూత. బ్యాటరీలు తీసి ఎన్నిసార్లు తిరగేసి చూశానో, ఆ మీట సంగతి నాకు తట్టనే లేదు.

ఆనాటినుంచి ఇంట్లో చట్టం మారింది. కుర్చీ జరిపితే, "ఎత్తు తాతా" అంటుంది. నా చెప్పులు చేతికిస్తుంది. మిక్సీ ముందు కాపలా కూర్చుంటే మా ఆవిడ పచ్చడి రోట్లో నూరబోయి, అదీ కుదరక, రెండు రోజులు పెరుగన్నమే పెట్టింది. అమ్మాయి మాత్రం సాయంత్రందాకా నిద్రపోతోంది. ఒకరోజు లేచి, ఇంత నిశ్శబ్దమేమిటని కంగారుపడి అందరినీ వెతుక్కుంది.

రాత్రి డ్యూటీల ఆఖరి రోజున, మధ్యాహ్నం పిల్లకు నిద్ర ముంచుకొచ్చింది. రైలును నా చేతుల్లో పెట్టి, "కింద పెట్టకు తాతా. పడుకోబెట్టకు, దానికి తల తిరుగుతది" అని అమ్మమ్మ పక్కకు చేరింది. నిద్రపోయింది కదా, రైలును సోఫాలో పక్కకు వాలిస్తే సరిపోయేది. నాకు ఆ మీట మీద నమ్మకం లేదు. రైలును పట్టుకుని హాల్లోంచి వరండాకి, వరండాలోంచి గేటు దాకా తిరుగుతూ ఉన్నాను.

ఎదురింటాయన స్కూటరు మీద వచ్చాడు. ఇక్కడి పెద్ద ప్లాంటులో షిఫ్టులు చేసి రిటైరైన కోస్తా మనిషి. ఆ స్కూటరు వస్తే వీధికంతటికీ తెలుస్తుంది.

"ఏవండీ, రైలు ఎక్కడికి పోతోంది?" అన్నాడు ఆ మోతలోనే.

నేను గేటుకున్న చున్నీ వైపు తల ఊపాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఇంజను ఆపేసి, దిగి, స్కూటరును తన గేటు దాకా నెట్టుకుంటూ వెళ్లాడు. స్టాండు కూడా వేయలేదు. మెల్లగా గోడకు ఆనించి లోపలికి పోయాడు.