మళ్ళీ మాస్టారి రెండో చుట్టు

మా మళ్ళీ మాస్టారు దేన్నీ ఒక్కసారికి నమ్మే మనిషి కాదు. తలుపుకి తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగుతారు. పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే సరేనన్న ఆవిణ్ణి మళ్ళీ అడిగారట. రెండోసారికి ఆవిడ ఆలోచనలో పడిందట.

అణుకేంద్రం పేలాక మా ఇద్దరినీ ఒకే విమానంలో వేశారు. నడిపేది నేను. వెనక కూర్చుని కొలిచేదీ, రేడియోలో చెప్పేదీ ఆయన. రెక్క కింద గొట్టంలో ఉన్న కాగితానికి గాలిలోని ధూళి అంటుకుంటుంది. అందులో విషమెంతో యంత్రం చెబుతుంది. మా అంకెను బట్టి కింద ఊరు ఉంటుందో పోతుందో తేలుతుంది. పదకొండు రోజుల్లో తొమ్మిది ఊళ్ళు ఖాళీ చేయించాం. ప్రతిచోటా ఆయన "మళ్ళీ ఒకసారి పోదాం" అనేవారు. మళ్ళీ అదే అంకె వచ్చేది. ఒక్క ఊరికైనా మంచి మాట చెప్పలేకపోయాం. నాకు అన్నం సహించడం మానేసింది.

పన్నెండో రోజు మా అక్క ఊరి వంతు వచ్చింది. అక్క పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పొద్దున ఫోన్లో "నేను కదలనురా. నా కుట్టుమిషను ఎవడు మోస్తాడు?" అంది. ఊరి చివర బస్సులు మా అంకె కోసం కాచుకుని ఉన్నాయి.

"ఎంత మాస్టారూ?" అన్నాను ఊరు దాటగానే.

ఆయన నోట్‌బుక్‌లో అంకె వేసుకున్నారు. అద్దంలో ఆయన మొహం చూశాక ఇక అడగాల్సిన పని లేకపోయింది.

"బస్సులకి చెప్పండి మరి."

"మళ్ళీ ఒకసారి పోదాం. ముందు గొట్టం శుభ్రపడేలా సముద్రం మీద, మంచిగాలిలో, అరగంట తిప్పు."

"కింద మా అక్క ఉందండీ. మీ చాదస్తానికి ఇదా వేళ?"

"తెలుసులే. తిప్పు."

పళ్ళు నూరుకుంటూ తిప్పాను. ఆయన్ని ఆ అరగంటా తిట్టని తిట్టు లేదు.

తిరిగొచ్చేసరికి అక్క వీధి నిండా బస్సులు. మా అక్క కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని, వద్దంటున్న డ్రైవరుతో పోట్లాడుతూ బస్సెక్కుతోంది. అంత పైనుంచీ పోల్చుకున్నాను. ఆ ఊరు ఇక లేదు. ఏడుపొచ్చింది, దానితోపాటే నవ్వూ వచ్చింది.

దిగాక ఆయన నోట్‌బుక్ చూశాను. ఒకటే అంకె ఉంది. రెండో గడి ఖాళీ.

"రెండోసారి కొలిచే యంత్రం ఆపేశానోయ్," అన్నారు. "నువ్వు తిట్ల ధ్యాసలో ఉండగానే మొదటి అంకె రేడియోలో చెప్పేశాను."

"ఒక్కసారికే నమ్మారా?"

"మీ అక్క కింద ఉంటే ఆలస్యం చేస్తానా? ఆమె వెళ్ళడం కళ్ళారా చూడకపోతే నువ్వు ఇవాళ కూడా అన్నం తినవు. అందుకే తిప్పమన్నాను."

ఆయన చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, గుమ్మం దగ్గర ఆగారు.

"ఇంతకీ ఎక్కిందా?"

"ఎక్కిందండీ. చూశానుగా."

"ఫోన్ చేసి మళ్ళీ అడుగు."