జూలును దువ్విన చెయ్యి

ఆదివారం ఆరాధన ముగిసి, చర్చి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మా చిన్నాయన పోయాడని కబురొచ్చింది. పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. నా కళ్ల ముందు మాత్రం ఒక తెల్ల గుర్రం మెడ నిలిచింది.

చిన్నాయన బళ్లారిలో బోర్డులు రాసేవాడు. గనులు జోరందుకుని ఊరంతా ఫ్లెక్సులు లేచాక కుంచె పక్కన పెట్టి కంప్యూటరు నేర్చుకున్నాడు. హైస్కూలుతో చదువాగిన నన్ను అంగట్లోకి పిలిచి నాకూ నేర్పాడు. మౌస్ పట్టే ముందు చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేవాడు. నాకు యాభై ఏళ్లొచ్చినా ఆయనకు పాపనే.

అంగడి ముందే ఇనుప ఖనిజం లారీలు ఎర్రదుమ్ము లేపుతూ పోతాయి. ఒక లారీ కింద జట్కా సాయిబు గుర్రం పడి చచ్చిపోయింది. ఆయన దగ్గర మిగిలింది సెల్‌ఫోనులోని మసక ఫోటో ఒక్కటే. అందులో ఆ తెల్ల గుర్రం దుమ్ము కప్పుకుని ఇటుకరంగులో ఉంది.

"దాన్ని ఒక్కసారి తెల్లగా చూడల్లన్నా," అన్నాడు సాయిబు అంగట్లోకొచ్చి, చిన్నాయనతో.

చిన్నాయన ఆ ఫోటో చూసి కంప్యూటర్లో బొమ్మంతా వేసి, జూలు నాకప్పగించాడు. స్మడ్జ్ అనే టూల్ తెర మీది రంగును వేలితో రుద్దినట్టు లాగుతుంది. నేను రుద్దే కొద్దీ జూలు ముద్దయింది.

సాయిబు చూసి తల తిప్పుకున్నాడు. "ఇది మాది గాదు. మెడ మీద తడిబట్ట ఆరేసినట్టుండాది."

చిన్నాయన కాసేపు నా చెయ్యి చూశాడు. "పాపా, నువ్వు దుమ్ము తుడుస్తాండావు."

నిజమే. మాకు పొద్దున లేస్తే బల్ల, తెర, బైబిలు అట్ట, అన్నీ ఇటూ అటూ తుడవడమే. చేతికి వేరే నడక తెలియదు.

"ఎంటికల్ని తుడవగూడదు, దువ్వల్ల. కుదురు కాడ మొదలుపెట్టి కొస కాడ వదిలెయ్. మళ్లీ ఎనక్కి రావద్దు."

రుద్దిందంతా తీసేయించాడు. వేరే లేయరు మీద, అంటే కింది బొమ్మకు తగలని ఇంకో పొర మీద, సన్న బ్రష్‌తో ముదురు పాయలు, లేత పాయలు వేయించాడు. స్మడ్జ్ బలం తగ్గించి, పాయలు ముద్ద కాకుండా విడివిడిగా సాగేట్టు నున్నటి బ్రష్ మార్చి చుక్కలచుక్కల బ్రష్ పెట్టాడు. తర్వాత సాయిబును అడిగాడు.

"జూలు యా పక్కకు పడేదప్పా?"

"ఎడమ పక్కకు. చెవి కాడ ఒక పాయ మాత్రం మాట ఇనేది గాదు. మా ఇంటామె అనేది, నీ మాదిరే ఉండాదని."

"అయితే దాన్ని రుద్దొద్దు పాపా. అట్నే ఉండనీ."

అన్నీ దువ్వాక ఆ పాయను చివర్లో, విడివిడి వెంట్రుకలుగా గీశాను. సాయిబు తెర దగ్గరికొచ్చాడు. వేలితో ఆ పాయను చెవి వెనక్కి సర్దబోయాడు. అది సర్దుకోలేదు.

"హా. ఇదే," అన్నాడు.

ఆ తర్వాత, దుమ్ముకు పట్టిన చిన్నాయన దగ్గు ముదిరింది. లారీకీ లారీకీ మధ్య రోడ్డు సద్దుమణిగితే చెవి రిక్కించేవాడు. "గిట్టల సప్పుడు ఇనబడ్తాండాది పాపా." నాకు వినిపించేది కాదు. అయినా మౌస్ వదిలి నేనూ చెవి పెట్టేదాన్ని.

సమాధి చేసి వచ్చాక అంగడి తెరిచాను. నమూనాకని అచ్చు తీసిన గుర్రం ఫ్లెక్సు గోడ మీదే ఉంది, నిండా ఎర్రదుమ్ముతో. బయట లారీ పోయింది. ఫ్లెక్సు కదిలింది, జూలు కదిలింది. గుడ్డ తీసుకున్నాను. కుదురు నుంచి కొస దాకా లాగి, వదిలి, మళ్లీ కుదురుకు వెళ్లాను. మెడ తెల్లగా బయటపడింది. చెవి దగ్గరి పాయను తాకలేదు. అదొక్కటి ఎర్రగానే ఉంది.